బోర్లాపడిన నాటి నుంచి ఓణీల దాకా: ఏలూరు – కొల్లేరు ప్రాంతంలో పిల్లల స్టూడియో ఛాయాచిత్రాలు

ఛాయాచిత్ర చరిత్రలో రాజులకు, కట్టడాలకు, యుద్ధాలకు లభించిన స్థానం చిన్నపిల్లలకు లభించలేదు. ఊరి స్టూడియో మాత్రం చాలాకాలం బతికింది పిల్లల మీదా, పెళ్లిళ్ల మీదా. ఫ్రెంచి సామాజికశాస్త్రవేత్త పియెర్ బూర్దియ్యూ తన సహచరులతో కలిసి 1965లో ప్రచురించిన అధ్యయనంలో, ఇంట్లో పిల్లలు ఉండటానికీ ఇంట్లో కెమెరా ఉండటానికీ గట్టి సంబంధం ఉందని చూపాడు. ఆయన పరిశీలించిన సమాజంలో కెమెరా తండ్రి చేతిలో ఉంది. అదే కాలపు తెలుగునాట చాలా కుటుంబాలకు కెమెరా ఇంట్లో లేదు, బజారులో ఉంది. పిల్లవాణ్ణి ముస్తాబు చేసి దాని దగ్గరకు తీసుకువెళ్లాలి. అందుకు ఒక రోజు నిర్ణయించుకోవాలి. ఆ రోజు ఏది అన్న ప్రశ్నకు ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు పరిసర గ్రామాల కుటుంబాలు చెప్పుకొన్న సమాధానాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

ఎదిగే పిల్లల్ని నియమిత వ్యవధుల్లో ఛాయాచిత్రాలు తీయించి భద్రపరచాలని 1882లో ఫ్రాన్సిస్ గాల్టన్ 'ఫోర్ట్‌నైట్లీ రివ్యూ' పత్రికలో ప్రతిపాదించాడు. రెండేళ్ల తరువాత, 1884లో, ఆయన ఆధ్వర్యంలో వెలువడిన 'లైఫ్ హిస్టరీ ఆల్బమ్' ఎత్తు, బరువు, జబ్బుల వివరాల సరసన ఛాయాచిత్రాలకు కూడా చోటు కేటాయించింది. అందులో పిల్లవాడు కొలతకు లొంగే వస్తువు. యూజెనిక్స్ అనే మాటను 1883లో పుట్టించినవాడూ గాల్టనే కనుక ఆ కొలతల వెనుక ఉన్న ఉద్దేశం ఊహించడం కష్టం కాదు. తెలుగు కుటుంబాలు స్టూడియో మెట్లెక్కింది ఈ లెక్కతో కాదు. వారికి అప్పటికే మరొక కొలమానం ఉంది. బిడ్డ బోర్లాపడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, అడుగు వేస్తే అరిసెలు, గడప దాటితే గారెలు వండి పంచే ఆచారం ఎదుగుదలలోని ప్రతి మెట్టునూ వంటింటి భాషలో నమోదు చేసింది. దానికి పైన బారసాల, అన్నప్రాశన, పుట్టువెంట్రుకలు, చెవులు కుట్టడం, అక్షరాభ్యాసం ఉన్నాయి. స్టూడియో వచ్చి ఈ వరుసలో ఒదిగింది కాని కొత్త వరుసను తేలేదు. ఈ ప్రాంతపు పిల్లల ఛాయాచిత్రాలను చదవడానికి మొదటి తాళంచెవి ఇదే.

పట్టణం, రైలు, గాజుపలక

ఛాయాచిత్రకళ మద్రాసు రాజధానిలో తొందరగానే కుదురుకుంది. 1856లో అలెగ్జాండర్ హంటర్ చొరవతో మద్రాసు ఫోటోగ్రాఫిక్ సొసైటీ ఏర్పడింది. హైదరాబాదులో రాజా దీన్‌దయాళ్ 1892లో స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచాడు. అందులో కెమెరా నడిపింది కూడా స్త్రీయే. పరదా దాటి రాని తల్లులు బిడ్డలతో సహా కెమెరా ముందుకు రావడానికి అది వీలు కల్పించింది. అది సంపన్నుల సౌకర్యం. డెల్టాలోని మధ్యతరగతికి ఈ కళ చేరువ కావడానికి రైలు కావలసివచ్చింది. 1893–1896 మధ్య బెజవాడ నుంచి కటకం దాకా తూర్పుతీర రైలుమార్గం ఏర్పడింది. 1900లో గోదావరి మీద వంతెన తెరుచుకుంది. ఏలూరు, తాడేపల్లిగూడెం రెండూ ఈ దారిమీదివే. గాజుపలకలు, రసాయనాలు, అచ్చుకాగితం మద్రాసు నుంచి నేరుగా దిగుమతి కావడానికి అప్పటి నుంచి అడ్డు తొలగింది. 1925లో కృష్ణా జిల్లా నుంచి పశ్చిమగోదావరి విడివడి ఏలూరు జిల్లా కేంద్రమైంది. కచేరీలు, కోర్టులు, పాఠశాలలు పెరిగిన పట్టణంలో జీతగాళ్ల కుటుంబాలు పెరుగుతాయి. స్టూడియోకు నికరమైన గిరాకీ వారి వల్లనే.

ఈ వృత్తికి ఈ నేలతో ఉన్న పాత సంబంధాన్ని చూపే పేరు ఒకటుంది. అల్లూరి సీతారామరాజు తండ్రి వెంకటరామరాజు వృత్తిరీత్యా ఛాయాగ్రాహకుడు. భీమవరం దగ్గరి మోగల్లు ఆయన స్వగ్రామం. వృత్తి కోసం రాజమహేంద్రవరంలో స్థిరపడ్డాడు. కొడుకు చిన్నతనంలోనే ఆయన మరణించాడు. కెమెరా ఉన్న ఇంట్లో పుట్టిన ఆ కొడుకు పేరుతో లోకంలో తిరిగిన ఛాయాచిత్రాల్లో 1924 మే నెలలో తీసిన మృతదేహపు చిత్రం ఒకటి. ఛాయాచిత్రం బిడ్డకూ సర్కారుకూ వేరువేరు అర్థాలతో పనిచేస్తుందనడానికి ఇంతకంటె కఠినమైన ఉదాహరణ దొరకదు.

కెమెరా సాంకేతికత పిల్లలకు తగినట్టు మారడానికి కొంతకాలం పట్టింది. తడి కొలోడియన్ పలకల రోజుల్లో కదలకుండా కొన్ని సెకన్లు కూర్చోవాలి. ఐరోపాలో బిడ్డ కదలకుండా ఉండటానికి తల్లిని గుడ్డ కప్పి కుర్చీలా కూర్చోబెట్టేవారు. పొడి పలకలు 1870ల చివర మార్కెట్లోకి వచ్చాక ఆ అవసరం క్రమంగా తగ్గింది. అయినా పాత అచ్చుల్లో బిడ్డ నడుము దగ్గర, తెర అంచున, ఎవరిదో గాజుల చెయ్యి కనిపించడం మామూలే. ఆ చెయ్యిని తరువాత నెగటివ్ మీద పెన్సిలుతో టచింగ్ చేసి కప్పేవారు. కప్పడం కుదరనిచోట అచ్చును అండాకారపు చట్రంలో కత్తిరించేవారు. కుటుంబచిత్రాల చరిత్రలో తల్లి ఎక్కడుంది అని అడిగేవారికి ఆ కత్తిరింపు అంచే జవాబు.

ఆలస్యంగా తీసిన మొదటి ఫోటో

పుట్టిన వెంటనే ఛాయాచిత్రం తీయించే అలవాటు పాత తరాల్లో లేదు. ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందన్న నమ్మకం ఒక కారణంగా చెబుతారు. దాన్ని మూఢనమ్మకమని తోసిపుచ్చడం తేలిక. కాని బాలారిష్టాలు అనే మాట ఒక భాషలో నిత్యవ్యవహారంగా నిలిచిందంటే దాని వెనుక లెక్క ఉంది. నమూనా నమోదు పద్ధతి ప్రకారం 1971లో భారతదేశంలో పుట్టిన ప్రతి వెయ్యిమంది శిశువుల్లో 129 మంది ఏడాది నిండకుండానే మరణించారు. 2020 నాటికి ఆ సంఖ్య 28. బతుకు మీద భరోసా లేని నెలల్లో బిడ్డ రూపాన్ని నిలపడానికి తల్లిదండ్రులు వెనుకాడారు. పొట్ట మీద ఆని తలెత్తి చూసే, ఒంటి మీద మొలతాడు తప్ప మరేమీ లేని శిశువు చిత్రం తెలుగు ఇళ్లలో తొలి ఫోటోగా స్థిరపడటం ఈ సందర్భంలోనే అర్థవంతమవుతుంది. బోర్లాపడటమంటే మొదటి గండం గడిచినట్టు. బొబ్బట్లు పంచే రోజే ఫోటో రోజు అయింది. స్టూడియోవారికీ అది అనుకూలం. తల నిలిచింది కనుక ముఖం స్పష్టంగా వస్తుంది, బిడ్డ ఇంకా పాకడం లేదు కనుక ఫోకస్ తప్పిపోదు.

బుగ్గ మీద, నుదుటి పక్కన, అరికాలిలో కాటుకతో పెట్టే దిష్టిచుక్క కెమెరా ముందు మరింత పెద్దదైంది. చూసే కళ్లు ఒక ఇంటివి కావు, ఎందరివో. అందుకు తగిన జాగ్రత్త. ఇక్కడ సాంకేతికత ఒక చిక్కు తెచ్చిపెట్టింది. తొలి పలకలు, ఆ తరువాత వచ్చిన ఆర్థోక్రొమాటిక్ పలకలు, ఫిల్ములు ఎరుపు రంగును పట్టుకోలేవు. ఎర్రని కుంకుమ అచ్చులో నల్లగా వస్తుంది. అందువల్ల పాత ఛాయాచిత్రాల్లో బొట్టేదో దిష్టిచుక్క ఏదో స్థానాన్ని బట్టి ఊహించవలసిందే గాని రంగును బట్టి చెప్పలేము. ఆ పలకల మీద చామనచాయ పిల్లలు ఉన్నదానికంటె నల్లగా వచ్చేవారు. దండిగా అద్దిన పౌడరుకు వర్ణాభిమానం ఒక కారణమైతే పలక గుణం మరొక కారణం. ఈ రెండింటినీ విడదీయకుండా సౌందర్యభావనల గురించి తీర్పులు చెప్పడం పొరపాటు.

జడ వేసిన మగపిల్లవాడు

ఏలూరుకు సమీపంలోని ద్వారకాతిరుమల, చిన్నతిరుపతిగా పేరుపొంది, ఈ ప్రాంతపు పిల్లల పుట్టువెంట్రుకలకు ప్రధాన క్షేత్రం. మొక్కుబడి తీరేదాకా కత్తెర తగలని జుట్టు మగపిల్లవాడికైనా భుజాలదాకా పెరుగుతుంది. ఆ జుట్టు తీయించబోయే ముందు దానికి జడ వేసి, పూలు ముడిచి, లంగా తొడిగి, గాజులు వేసి ఫోటో తీయించడం తెలుగు కుటుంబాల్లో విస్తృతంగా ఉన్న ముచ్చట. ఆడపిల్ల లేని తల్లి కోరిక తీర్చుకోవడమని కొందరంటారు. పోబోతున్న జుట్టుకు వీడ్కోలు అని మరికొందరంటారు. కారణం ఏదైనా, పరిశోధకునికి ఇది పెద్ద హెచ్చరిక. పేరు, తేదీ లేని అచ్చులో లంగా, జడ చూసి ఆడపిల్ల అని నమోదు చేస్తే ఆ జాబితా అంతా తప్పవుతుంది. ఆడపిల్లల చిత్రాల సంఖ్యను బట్టి సమాజంలో ఆడబిడ్డల ఆదరణను లెక్కగట్టే అధ్యయనాలు ఏవైనా ముందు ఈ గండం దాటాలి.

ఈ చిత్రానికి జోడుగా గుండు చిత్రం ఉంటుంది. గంధం పూసిన నున్నని తల, కొత్త చొక్కా, ఏడ్చి ఉబ్బిన కళ్లు. రెండింటినీ పక్కపక్కనే ఒకే చట్రంలో బిగించినప్పుడు వాటి మధ్య గడిచింది కొన్ని గంటలే. అయినా ఇంటివారి లెక్కలో అదొక దశ దాటడం. గాల్టన్ ఆల్బమ్ ప్రకారం ఈ రెండు చిత్రాలకు తేడా లేదు: అదే ఎత్తు, అదే బరువు, అదే బిడ్డ. సంస్కారాల లెక్క ప్రకారం మొదటిది ముగిసిన శైశవం, రెండోది మొదలైన బాల్యం.

పక్కపక్కన నడిచి విడిపోయిన రెండు వరుసలు

మూడు నాలుగేళ్లదాకా ఆడ, మగ పిల్లల చిత్రాలు ఇంచుమించు ఒకే బాటలో నడుస్తాయి. చెక్కగుర్రం, మూడు చక్రాల సైకిలు, చెవికి ఆనించుకున్న ఉత్తుత్తి టెలిఫోను, వెన్నకుండతో చిన్నికృష్ణుడి వేషం, సంక్రాంతికి భోగిపళ్లు. వెనుక తెర మీద మేడలు, తోటలు, సరస్సులు. ఆ తెరల తీరు తెలుగు నాటకరంగానికి దగ్గరిది. 1885లో మొదలైన సురభి నాటకాలు ఊరూరా చూపించిన రాజప్రాసాదాల తెరలను చూసిన కళ్లకు స్టూడియో తెర కొత్త కాదు. మధ్యభారతంలోని నాగ్దా పట్టణపు ఛాయాచిత్రాలను పరిశీలించిన క్రిస్టఫర్ పిన్నీ 'కెమెరా ఇండికా'లో, స్టూడియోకు వచ్చేవారు తమ నిత్యరూపాన్ని కాక అంతకంటె మెరుగైన రూపాన్ని కోరుకుంటారని వాదించాడు. గోదావరి డెల్టా స్టూడియోలకు అది పాక్షికంగానే వర్తిస్తుంది. ఇక్కడ బిడ్డ వెనుక తెర కల్పనే అయినా ఒంటి మీది నగ, పట్టులంగా, వెండి మొలతాడు నిజమైనవి. అవి ఎవరు పెట్టారో బంధువర్గానికి తెలుసు. అమ్మమ్మగారు పెట్టిన గొలుసు ఫోటోలో పడకపోతే వచ్చే మాట ఇంటివారికి తెలియనిది కాదు.

ఆరేడేళ్లు దాటాక దారులు చీలుతాయి. మగపిల్లవాడి వరుస పాఠశాల గ్రూపు ఫోటోలోకి, అక్కడి నుంచి కళాశాల గ్రూపులోకి మళ్లుతుంది. 1945లో ఏలూరులో సర్ సి.ఆర్.రెడ్డి కళాశాల ప్రారంభమయ్యాక ఈ మళ్లింపు పట్టణంలోనే పూర్తికావడానికి వీలు కలిగింది. ఆడపిల్ల వరుసలో చాలాకాలం పెద్ద ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీ తరువాత కనిపించేది పూలజడ చిత్రం. అద్దానికి వీపు ఆనించి నిలబడిన అమ్మాయి, అద్దంలో మల్లెలూ కనకాంబరాలూ కుట్టిన పొడవాటి జడ, ఎదుట ముఖం. ఒకే అచ్చులో ముందూ వెనుకా రెండూ చూపే ఈ అమరిక దక్షిణాదిలో అంతటా ఉన్నదే. రజస్వల అయిన సందర్భంలోనో ఓణీల వేడుకలోనో దీన్ని తీయించేవారు. ఆ తరువాత వచ్చేది పెళ్లిచూపులకు ముందు మధ్యవర్తి చేతికిచ్చే నిలువెత్తు ఫోటో. అది ఇంటి గోడకు చేరదు. కవర్లలో ఊళ్లు తిరుగుతుంది, తిరిగి వస్తుంది, కొన్నిసార్లు రాదు. పిల్లవాడి వరుస అతణ్ణి చదువరిగా చూపి ఆగితే, పిల్ల వరుస ఆమెను ఇతరులు చూడటానికి సిద్ధం చేసి ఆగింది. 1953లో ఏలూరులో సెయింట్ థెరిసా మహిళా కళాశాల ఏర్పడటం ఈ దృష్టితో చూస్తే ఛాయాచిత్ర చరిత్రకు కూడా సంబంధించిన సంగతి. ఆడపిల్లల గ్రూపు ఫోటో, అంటే పెళ్లితో నిమిత్తం లేకుండా పెద్దపిల్లలు కెమెరా ముందు నిలబడే సందర్భం, అటువంటి చోట్లనే విస్తరించింది.

లంకల పిల్లలు

బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీరు కొల్లేటిలో చేరి ఉప్పుటేరు ద్వారా సముద్రానికి పోతుంది. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న ఈ పల్లంలో వానాకాలంలో లంక గ్రామాలకు చాలాకాలం పడవే ఆధారం. బిడ్డ బోర్లాపడిన వారం ఏ శ్రావణమాసంలోనో వస్తే స్టూడియో ప్రయాణం ఉండదు. నీరు తీశాక వెళ్లేసరికి బిడ్డ పాకుతుంటాడు. అందువల్ల లంకల కుటుంబాల్లో ఛాయాచిత్రాల వరుస సంస్కారాల లెక్కకంటె నీటి లెక్కకు, చేపల రాబడి లెక్కకు లోబడింది. కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర వంటి తిరునాళ్లు వారికి బంధువులను కలిసే చోట్లే కాక, తాత్కాలికపు తెర ముందు ఫోటో దిగే చోట్లు కూడా. తిరునాళ్ల ఫోటోకు బిడ్డ వయసుతో పని లేదు. ఏ వయసులో ఉన్నవారు ఆ వయసులో ఒకే బల్ల మీద కూర్చుంటారు. అన్న, చెల్లి, చంకలోని తమ్ముడు కలిసి దిగిన ఆ ఒక్క అచ్చు ముగ్గురి బాల్యానికీ ఏకైక సాక్ష్యమవుతుంది.

చాలామంది లంకపిల్లలకు విడిగా తీసిన మొదటి ఫోటో ముద్దుకోసం తీసింది కాదు; హాస్టలు దరఖాస్తుకో పదోతరగతి హాల్‌టికెట్టుకో అంటించిన పాస్‌పోర్టు సైజు ఫోటో. వారి బాల్యాన్ని చట్రంలో బిగించింది ఇల్లు కాదు, కచేరీ. 1970ల నుంచి చేపల చెరువులు సరస్సును ఆక్రమించాయి. 1999లో ప్రభుత్వం దాన్ని అభయారణ్యంగా ప్రకటించింది, 2002లో రామ్‌సార్ జాబితాలో చేరింది, 2005–06లో చెరువుల గట్లు తెంచారు. ఈ పరిణామాలన్నిటా కొల్లేరు ఛాయాచిత్రమంటే లోకానికి ఆటపాక గూడబాతులే. పక్షుల గూళ్లలో పిల్లలు ఎదిగే తీరును వారం వారం చిత్రించిన కెమెరాలు అదే గట్టు మీది ఇళ్లవైపు అంతగా తిరగలేదు.

నిలవని కాగితం, మిగలని నెగటివ్

ఛాయాచిత్రపు కాగితం మీద ఉండేది జెలటిన్ పొర. తేమ తగిలితే ఉబ్బుతుంది, బూజుకు ఆహారమవుతుంది, చట్రపు అద్దానికి అతుక్కుంటుంది. డెల్టా వాతావరణంలో గోడ మీద వేలాడే పటం నలభై ఏళ్లు నిలవడమే గొప్ప. 1986 గోదావరి వరద వంటివి వచ్చినప్పుడు ఇళ్లలో తడిసేవాటిలో ఇవీ ఉంటాయి. ఆ లోటును పూడ్చవలసింది స్టూడియో నెగటివ్. అచ్చు వెనుక రబ్బరు ముద్ర, అందులో నెగటివ్ నంబరు, తేదీ వేసేవారు. మరో ప్రతి కావాలంటే ఆ నంబరు చెబితే చాలు. జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. అంతకు ముందు, ఆ తరువాత కూడా కొంతకాలం, బడిలో వేసిన పుట్టినతేదీ ఉపాధ్యాయుడి అంచనా. అటువంటి తరానికి బోర్లాపడిన ఫోటో వెనుక ముద్రలోని తేదీ పాఠశాల రిజిస్టరు కంటె నమ్మదగిన ఆధారం కాగలదు. సామాజిక చరిత్రకారులు దీన్ని ఇంకా సరిగా వాడుకోలేదు.

వాడుకోవాలంటే నెగటివ్‌లు మిగలాలి. గాజుపలకల పొర కడిగి అద్దాన్ని పటాలకు వాడుకోవడం, ఫిల్ము నెగటివ్‌లను వెండి తీసేవారికి తూకానికి అమ్మడం ఈ వృత్తిలో ఉన్న పద్ధతులే. అందులో తప్పుపట్టవలసింది పెద్దగా లేదు. స్థలానికి అద్దె కట్టేవారికి వేల పెట్టెలు బరువు. తమిళనాడులో పాండిచ్చేరి ఫ్రెంచి పరిశోధనా సంస్థ, బ్రిటిష్ లైబ్రరీ ఎండేంజర్డ్ ఆర్కైవ్స్ కార్యక్రమపు సాయంతో, పాత స్టూడియోల చిత్రాలను సేకరించి డిజిటల్ ప్రతులు తీసింది. ఏలూరు, తాడేపల్లిగూడెం స్టూడియోల అటకల మీద మిగిలినవాటికి అటువంటి పని జరగవలసి ఉంది. రిజిస్టర్లు, నెగటివ్‌లు విడిపోకముందే జరగాలి. విడిపోయాక ముఖాలు మిగులుతాయి కాని పిల్లలు మిగలరు.

నెలల లెక్క

నలుపు తెలుపు కాలంలో ముడిసరుకు కొరత కూడా పిల్లల చిత్రాల సంఖ్యను నిర్ణయించింది. ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ 1960లో స్థాపితమై 1967లో ఉత్పత్తి ప్రారంభించి 'ఇందు' పేరుతో ఫిల్ము, కాగితం అందించింది. 120 రోలులో చతురస్రపు చిత్రాలు పన్నెండే. ఒక బిడ్డకు ఒకటి, మహా అయితే రెండు. రంగుల ల్యాబులు వచ్చాక రోలుకు ముప్పైఆరు అయ్యాయి. డిజిటల్ వచ్చాక లెక్కే పోయింది. దానితోపాటు సమయపు లెక్క మారింది. ఇప్పుడు స్టూడియోలు శిశువును మొదటి నెల, రెండో నెల, మూడో నెల అని అంకెలు పేర్చి పన్నెండు నెలలూ తీస్తున్నాయి. బుట్టలో నిద్రపుచ్చిన నవజాత శిశువు, కేకు చిదిమే ఏడాది బిడ్డ కొత్త భంగిమలు. చేపలు, రొయ్యల రాబడి ఉన్న ఊళ్లలో ఓణీల వేడుక, పంచెకట్టు వేడుక నిలువెత్తు ఫ్లెక్సీలకూ కరిజ్మా ఆల్బంలకూ ఎక్కాయి. అమెరికాలో పుట్టిన మనవల నెలల చిత్రాలు తాడేపల్లిగూడెంలోని అమ్మమ్మల ఫోన్లకు చేరుతున్నాయి. మరణభయం తగ్గినకొద్దీ మొదటి ఫోటో ముందుకు జరిగి పురిటిగది దాకా వచ్చింది. బోర్లాపడటం కోసం ఎదురుచూసే అవసరం లేదు.

గాల్టన్ అడిగిన నియమిత వ్యవధి నూటముప్పైఏళ్ల తరువాత వేడుకగా వచ్చింది. వేడుక కాని రూపంలో కూడా వచ్చింది. 2010లో మొదలైన ఆధార్ కార్డుల జారీలో అయిదేళ్లలోపు పిల్లలకు వేలిముద్రలు తీయరు, ముఖచిత్రమే తీస్తారు. అయిదో ఏట వేలిముద్రలు, కంటిపాపలతోపాటు ముఖాన్ని మళ్లీ తీయాలి, పదిహేనో ఏట మరొకసారి. ఏలూరు పిల్లకైనా కొల్లేటి లంక పిల్లకైనా ఈ మూడు చిత్రాలు ఇప్పుడు తప్పనిసరి. వీటిలో తెర లేదు, జడ లేదు, అద్దం లేదు, చెక్కగుర్రం లేదు. బిడ్డ కదలకుండా నడుము పట్టుకున్న చెయ్యి మాత్రం అప్పుడప్పుడు అంచున పడుతూనే ఉంది.